గాలి కూడా లేని బుడ్డి

మొన్న మా ఇంట్లో ఫ్లాస్కు చెడింది. మనవరాలు కడుగుదామని గాజును డబ్బాలోంచి బయటికి తీసి గచ్చుకు తగిలించింది. మామూలుగా అయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణే. అరవడానికి నోరు తెరిచాను కూడా. గాజు పగల్లేదు గాని, అడుగున గోరంత తోక విరిగి ఉండడం చూసి నోరు మూసుకున్నాను. ఫ్లాస్కులన్నిటికీ ఆ తోక ఉంటుంది. రెండు గాజు గోడల మధ్యనున్న గాలిని లాగేశాక అక్కడే కరిగించి మూసేస్తారు. అది విరిగితే లోపలికి గాలి పోతుంది. ఇక ఆ ఫ్లాస్కు చూడ్డానికి ఎంత బాగున్నా అందులో చాయ వేడిగా ఉండదు. ఈ సంగతి నాకు చెప్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మా ఇంటావిడ అదంతా ఫ్లాస్కు మీద బెంగ అనుకుంది.

ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఊరంతా మాస్టర్ సాబ్ అనేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సిద్దిపేట బడికి సైన్సు చెప్పడానికి వచ్చాడు. నేనప్పుడు సర్కారీ దవాఖానలో కంపౌండర్ని. డాక్టరు గారు తరచుగా ఊళ్ల మీద దౌరాలో ఉండేవారు కాబట్టి సగం డాక్టర్ని నేనే. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేదని ఒప్పుకుంటాను.

ఆ గర్వాన్ని ఆయన మొదటిరోజే దించాడు. జ్వరంతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, మీసం మీద సుద్దపొడితో. నవ్వినప్పుడు చేతిని నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు వల్ల ఆయన మీసం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. చంకలో థర్మామీటరు పెట్టి తీసి, నూటొకటి అన్నాను.

"ఇంకోటుందా?" అన్నాడు.

"ఏంది ఇంకోటి?"

"థర్మామీటరు. నూటొకటి అని ఇది చెప్తుంది. ఇది నిజం చెప్తుందని ఎవరు చెప్తున్నరు?"

నాకు ఒళ్లు మండింది. నంగునూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం బయట కూర్చుని ఉన్నారు. ఈయనకు రెండో థర్మామీటరు కావాలట! అయినా బడిపంతులు కదా అని రెండోది తీసి రెండో చంకలో పెట్టాను. అది వంద కూడా చూపించలేదు. జ్వరంతో మూలుగుతున్న మనిషి ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

"చూసినవా కంపౌండర్ సాబ్! నాకు రెండు జరాలున్నయి."

ఆయన వెళ్లాక తలుపు దగ్గరికేసి దవాఖానలోని థర్మామీటర్లన్నీ గోరువెచ్చని నీళ్లలో ఒక్కసారే ముంచి చూశాను. దేని మాట దానిదే. అప్పటిదాకా ఏ జ్వరానికి ఎంత మందు ఇచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులమయ్యాం.

ఆయన ప్రపంచంలో ఏదీ ఒంటరిగా ఉండడానికి వీల్లేదు. ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది అంటే "నిన్నటికంటెనా, నిరుటికంటెనా?" అనేవాడు. ఫలానా మనిషి మంచివాడు అంటే "ఎవరికంటె?" అనేవాడు. బజారులో బియ్యం తూయించి, ఆ తర్వాత పళ్లాలు అటూ ఇటూ మార్చి మళ్లీ తూయమనేవాడు. షావుకారు ఆయన్ని దూరం నుంచి చూసే తక్కెడ మీద గోనెసంచి కప్పేవాడు. ఏదైనా వస్తువును చూడాలంటే ముందు ఒక కన్ను మూసి చూసి, తర్వాత రెండో కన్ను మూసి చూసేవాడు. పిల్లలు బడి బయట ఆయన్ని ఎగతాళి చేస్తూ ఒకరికొకరు కన్ను గీటుకునేవాళ్లు. ఆయనకు తెలుసు. ఒకసారి ఆగి, "మూసేటప్పుడు రెప్ప వణకొద్దురా" అని వాళ్లకు నేర్పించాడు కూడా.

ఇంట్లో ఆయనకు ఒక అక్క. మిరుదొడ్డిలో ఇచ్చారు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి తానే పెంచింది. పొట్టి మనిషి. మాట మాత్రం పెద్దది. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. గిన్నె ఏదైనా సరే, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఉత్తగా పోకూడదు. మా ఇంటావిడ కాకరకాయ కూర పంపితే గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో గుప్పెడు కందులు ఉండేవి. కందులు వచ్చిన గిన్నెను మా ఆవిడ మాత్రం ఉత్తగా ఎలా పంపుతుంది? అందులో నిమ్మకాయ పడేది. నిమ్మకాయ పోయి ఉప్పుగడ్డ వచ్చేది. అలా ఆ ఒక్క గిన్నె మా రెండిళ్ల మధ్య ఎంతకాలం తిరిగిందంటే, చివరికి అది ఎవరిదో ఇద్దరూ మరిచిపోయారు. ఈ మర్యాదలన్నీ ఊళ్లో అందరూ పాటించేవే. కాని ఈమె మందు సీసాలను కూడా వదిలేది కాదు. నేనిచ్చిన సీసా కడిగి తిరిగి తెచ్చేటప్పుడు అందులో నాలుగు జొన్నగింజలు వేసి తెచ్చేది. సన్న మూతి సీసాలోంచి గింజలు రాల్చడం ఎంత నరకమో కంపౌండర్లకే తెలుసు.

"అక్కా, గీ గింజలతోటి సస్తున్న. సీసలు కడుగుడే నా కొలువైంది."

"దవాఖానకు ఉత్త సీస ఎట్ల తెస్త తమ్మీ? నా చేతులెట్లొస్తయి?"

మాస్టర్ సాబ్ పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఆయన దగ్గర ఒక గాజుబుడ్డి ఉండేది. దాన్ని నేను మొదటిసారి చూసింది వాళ్ల అరుగు మీద. మధ్యాహ్నం పూట. వీధిలో మగ్గాల చప్పుడు. ఆయన లోపల్నుంచి చెక్కపెట్టె తెచ్చి, పత్తి పొరలు ఒక్కొక్కటే తీసి, దాన్ని అంగవస్త్రంతో పట్టుకుని బయటికి తీశాడు. జానెడు పొడవుంది. రెండు వైపులా సన్నని తీగలు గాజులోంచి బయటికి వచ్చి ఉన్నాయి. పక్కన కరిగించి మూసిన చిన్న తోక. లోపల రెండు వేర్వేరు అమరికలు కనబడుతున్నాయి. ఒకదానికి చుట్టూ మెరిసే రేకు. రెండో దానికి రేకు లేదు, నడుమ వెంట్రుకంత తీగ ఒక్కటే.

యుద్ధకాలంలో ఆయన దక్షిణాన ఒక పెద్ద పట్నంలోని ప్రయోగశాలలో పనిచేశాడు. అక్కడ రేడియోలకు వాల్వులు తయారు చేసేవారు. వాల్వు లోపల గాలి ఎంత తక్కువ ఉంటే అది అంత కాలం నడుస్తుందట. పంపుతో గాలి లాగుతారు సరే, ఇంకా ఎంత మిగిలిందో తెలిసేదెలా? దానికి గేజి అనే పనిముట్టు ఉంది. లోపల ఒక తీగ ఎర్రగా కాలుతుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, దారిలో తగిలిన గాలి తునకలను విరగ్గొడతాయి. విరిగిన తునకలు పోయి చుట్టూ ఉన్న రేకు మీద పడతాయి. రేకు నుంచి ఎంత కరెంటు వస్తే అంత గాలి మిగిలి ఉన్నట్టు లెక్క.

"అంటే గాలి తగ్గితే కరెంటు తగ్గాలె" అన్నాను.

"తగ్గుతది. ఒక జాగ దాక తగ్గి, ఆగిపోతది. అక్కడి నుంచి ఎంత లాగినా ముల్లు కదలదు. పంపు గింతే, ఇంక లాగలేదు అన్నరు అందరు. నేనేమన్ననంటే, పంపు ఆగలే, గేజే ఆగింది. లోపల గాలి ఇంకా తగ్గుతుంది గని గేజికి చెప్పరాక ఆగింది."

కారణం కూడా చెప్పాడు. ఎలక్ట్రాన్లు చివరికి పోయి ఒక జాలీకి కొట్టుకుంటాయి. కొట్టుకున్న చోట కంటికి కనిపించని వెలుగు పుడుతుంది, ఎక్స్‌రే ఫొటో తీసే వెలుగు లాంటిది. అది రేకు మీద పడి అక్కడ కూడా కాస్త కరెంటు పుట్టిస్తుంది. దాన్ని కూడా మీటరు గాలి కిందనే లెక్కేస్తుంది. గాలి అసలే లేకపోయినా ఈ దొంగ కరెంటు మాత్రం పోదు.

"పాసంగం!" అన్నాను. ఖాళీ తక్కెడలో కూడా ముల్లు ఒక పక్కకు ఒరిగి ఉంటే మావైపు దాన్ని అలాగే అంటారు.

ఆయన అరుగు మీంచి లేచి నన్ను కావలించుకున్నాడు. "గదే! అంత పెద్ద పట్నంల ఎవ్వరికి ఎక్కని ముచ్చట నీకెక్కింది."

అది పొగడ్త కాదని నాకు తెలుసు. అంత పెద్ద పట్నంలో ఆయన మాట వినే మనిషి దొరకలేదని అర్థం.

అందుకని ఆయన గేజిని తిరగేశాడు. చుట్టూ ఉన్న రేకును తీసేశాడు. కాలే తీగను నడిమి నుంచి బయటికి తెచ్చి, దాని చోట వెంట్రుకంత తీగను నిలబెట్టాడు. గాలి తునకలను ఆ సన్న తీగే తన దగ్గరికి లాక్కుంటుంది. వెలుగు మాత్రం దాని మీద పడేది చాలా తక్కువ.

"వానల చాట పట్టుకొని నిలబడితే చాట నిండుతది. దండెం తీగ ఎంత తడుస్తది చెప్పు?"

ఇక రెండో థర్మామీటరు అడిగే మనిషి కదా, పాత రకం, కొత్త రకం రెండింటినీ ఒకే గాజులో పెట్టించాడు. లోపలి ఖాళీ ఇద్దరికీ ఒకటే కావాలి, అప్పుడే తేడా ఎవరిదో తెలుస్తుంది. మొదట్లో, గాలి కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు, రెండూ ఒకే మాట చెప్పాయి. చివరికొచ్చేసరికి రేకు గేజి ఎప్పటిలాగే ఆగిపోయింది. తీగ గేజి ఇంకా కిందికి దిగింది. పై అధికారి చూసి, సన్న తీగకు చూపు ఆనడం లేదు, అందుకే తక్కువ చెబుతోంది అన్నాడట. చూపు ఆనకపోతే మొదట్లో సమానంగా ఎలా చెప్పింది అని ఈయన. ఆ వాదన తేలకముందే యుద్ధం అయిపోయింది. ఆ శాఖ మూసేశారు. విరిగిన సామానుతో పాటు దీన్నీ పారేస్తుంటే, ఆ అధికారినే అడిగి తెచ్చుకున్నాడు.

అప్పుడే అక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"లోపల ఏమున్నది తమ్మీ దాంట్ల?"

"ఏం లేదక్కా."

"ఏం లేనిదాన్ని గంత పత్తిల ఎందుకు పండవెట్టినవ్?"

"ఏం లేదు గనకనే. గాలి గూడ లేదు. మన సిద్దిపేట మొత్తంల గింత ఖాళీ జాగ ఇంకోటి లేదు."

ఎంత గర్వంగా చెప్పాడో! అక్క చెంపకు చెయ్యి పెట్టుకుంది. "గాలి గూడ లేదా!" అని, కాసేపు ఆ బుడ్డి వంక చూసి, "పాపం" అంది. మేమిద్దరం నవ్వాం.

సిద్దిపేటలో ఆ బుడ్డి ఎవరితోనూ మాట్లాడలేదు. దాని కరెంటును కొలిచే మీటరు ఇక్కడ లేదు. అసలు కరెంటే లేదు. ప్రయోగశాలలో ఆయనతో పనిచేసిన ఒక మిత్రుడు మాత్రం వేరే ఊళ్లో మంచి కొలువులో చేరాడు. హైదరాబాదుకు పని మీద వచ్చినప్పుడు సిద్దిపేట దాకా వచ్చి బుడ్డిని తీసుకెళ్తాననీ, తమ దగ్గరి మీటరుతో పరీక్ష చేయిస్తాననీ కబురు పంపాడు. వేరే చోట, వేరే మనిషి చేతిలో కూడా ఆ తీగ అదే మాట చెబితే, అక్కడి పెద్దలు మాస్టర్ సాబ్‌ను పిలుస్తారు. చెప్పకపోతే ఇక్కడే ఈ బడిలో, ఈ సుద్దముక్కతో జీవితం ముగుస్తుంది.

"నా మాటకు రెండో సాక్షి దొరుకుతుండు కంపౌండర్ సాబ్" అన్నాడు.

ఆ రోజుల్లో బస్సులు బొగ్గు మీద నడిచేవి, ఎప్పుడు ఎక్కడ ఆగుతాయో వాటికే తెలియదు. మిత్రుడు వస్తానన్నాడు, రాలేదు. మళ్లీ వస్తానన్నాడు, మళ్లీ రాలేదు. ప్రతిసారీ మాస్టర్ సాబ్ ఉతికిన కోటు వేసుకుని బస్సు దగ్గర నిలబడేవాడు. బస్సు వెళ్లిపోయాక దవాఖానకు వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఒక భయం ఆయన్ని తినేసేది. బుడ్డి లోపల ఆ ఖాళీ ఇంకా అలాగే ఉందా, ఎక్కడైనా కంటికి కనిపించని పగులు పడిందా? తెలుసుకునే దారి లేదు. తీసి చూసుకునేవాడు, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి. మళ్లీ పత్తిలో పెట్టేవాడు. నేను నవ్వుతూ, పసిపిల్ల నిద్రపోతోందా లేదా అని మాటిమాటికీ లేపి చూసినట్టుంది మీ పని అనేవాణ్ణి.

చివరికి ఆ మిత్రుడు వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లాలి. డ్రైవరు తిండి తిని, బొగ్గు నింపుకునే దాకానే సమయం. ప్రయాణానికి కొత్త పత్తి కావాలని నేను దవాఖాన నుంచి ఒక కట్ట పట్టుకుని వెళ్లాను. అక్క మజ్జిగ కలుపుతూ వంటింట్లో ఉంది. మాస్టర్ సాబ్ పెట్టె తెరిచి పాత పత్తి తీశాడు.

నేను ముందు చూసింది ఆయన చేతుల్ని. అవి ఉన్నట్టుండి ఆగిపోయాయి.

బుడ్డికి తోక లేదు. దాని చోట పసుపుపచ్చని మైనం ముద్ద అంటించి ఉంది. లోపల, ఆ వెంట్రుకంత తీగ పక్కన, మూడు బియ్యపు గింజలు. పసుపు పూసిన బియ్యం. అక్షింతలు.

"ఇదేమిటండీ?" అన్నాడు మిత్రుడు, బాగా చిన్న గొంతుతో.

నాకు ఆ క్షణంలో నా మందు సీసాలన్నీ కళ్ల ముందు తిరిగాయి, వాటిలోని జొన్నగింజలతో సహా. అక్క అంతలోనే మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ముఖం నిండా నవ్వు. ఎవరికీ చెప్పకుండా ఒక మంచిపని చేసి, దాన్ని లోపలే దాచుకున్న మనిషి నవ్వు అది.

"సర్దినవా తమ్మీ? కుదుపులకు పలుగకుంట పట్టుకపొమ్మను ఆ సారును."

మాస్టర్ సాబ్ బుడ్డి మీద కొత్త పత్తి కప్పాడు. మూత పెట్టాడు. తాడు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

"సర్దినక్కా" అన్నాడు.

ఆ మిత్రుడికి నేను ఇప్పటికీ దండం పెడతాను. ఒక్క మాట మాట్లాడకుండా మజ్జిగ తాగి, పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. అక్క గడప దగ్గర నిలబడి, "అయ్యా, పైలం. మా తమ్ముని పానం దాంట్లనే ఉన్నది" అంది. ఆయన తల వంచుకుని వీధిలోకి నడిచాడు, వెనకాలే మేమిద్దరం.

మలుపు తిరిగాక, దవాఖాన ముందు, పెట్టెను నా చేతుల్లో పెట్టాడు. "మళ్లీ చేయలేరా?" అని మాస్టర్ సాబ్‌ను అడిగాడు.

"దేనితోటి?"

ఆ గాజు ఊదే మనిషి లేడు, ఆ పంపు లేదు, ఆ శాఖే లేదు. "పోనీ మీరు చూసింది చూసినట్టు మా వాళ్లకు నేను చెబుతాను" అన్నాడు మిత్రుడు.

"అద్దు. చూపించకుంట చెప్పుడు నాకు రాదు. నా తరఫున నువ్వు గూడ చెప్పకు."

బస్సు కదిలింది. దాని పొగలో మాస్టర్ సాబ్ చాలాసేపు నిలబడి ఉన్నాడు. నేను పక్కనే నిలబడ్డాను, ఆ పెట్టె పట్టుకుని.

పెట్టె నా అల్మారాలో ఉండిపోయింది, ఆముదం సీసా పక్కన. అది పట్నం పోయిందని అక్క నమ్మింది. సాయంత్రాలు ఆయన దవాఖానకు వచ్చి అల్మారాకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చునేవాడు. తలుపు తెరవమని ఏనాడూ అడగలేదు. రజాకార్ల రోజులు వచ్చాయి. బస్సులు ఆగాయి, కబుర్లు ఆగాయి, జనం చీకటి పడకముందే తలుపులు వేసుకునేవాళ్లు. అక్క మాత్రం తమ్ముడు గడపలో అడుగు పెట్టగానే అదే మాట అడిగేది.

"ఏమన్న కబురొచ్చెనా?"

"చూస్తున్నరట అక్కా."

"మంచిగనే ముట్టిందటనా?"

"మంచిగనే ముట్టిందట."

ఇది వినలేక ఒకరోజు నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఒక్కసారి చెప్పి ఏడిపించు, అయిపోతది. దినాం గీ అబద్ధమేంది?"

ఆయన కోప్పడలేదు. "ఏమని చెప్పాలె? ఆమె చేసింది తప్పంటే, మీ ఇంటికి మా ఇంటికి తిరిగిన గిన్నె గూడ తప్పే. లోపల ఏం లేదని ఆమెకు చెప్పింది ఎవరు? నేనే గద. ఏమి లేనిదాన్ని మా అక్క ఎట్ల చూస్కుంట ఊకుంటది?"

నవ్వబోయాడు. చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

తర్వాత ఆయనలో ఒక్కొక్కటే ఆరిపోవడం నేను చూశాను. బజారులో పళ్లాలు మార్చి తూయమనడం మానేశాడు. షావుకారు తక్కెడ మీద గోనెసంచి కప్పడం మానేశాడు. ఎండ ఎక్కువగా ఉంది అంటే "అవును" అనేవాడు. దగ్గు పట్టుకుంది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం మళ్లీ జ్వరంతో వచ్చాడు. చంకలో థర్మామీటరు పెట్టి తీసి, అలవాటు ప్రకారం రెండోది దులుపుతున్నాను.

"అద్దు కంపౌండర్ సాబ్" అన్నాడు. "ఒకటి చాలు."

నాకు అప్పుడు భయం వేసింది. నూటరెండు అన్నాను. ఎంతుంటే ఏంది అన్నట్టు తల ఊపి, మందు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. డాక్టరు గారు ఊపిరితిత్తులు అన్నారు. నేను కాగితం మీద అదే రాశాను.

ఆయన చెప్పింది నిజమా కాదా, ఆ తీగ గేజి నిజంగానే రేకు గేజి కంటే దూరం చూసిందా, నాకు తెలియదు. మా అల్లుడు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అడిగితే ఒక్క నిమిషంలో చెబుతాడు. ఇన్నేళ్లలో నేను అడగలేదు. నిజమే అంటాడేమోనని భయం. పెట్టె నేను ఆ దవాఖానలో ఉన్నంత కాలం అల్మారాలోనే ఉంది. తర్వాత దవాఖాన కొత్త జాగకు మారినప్పుడు ఎటు పోయిందో తెలియదు.

కర్మకాండలు అయ్యాక అక్క దవాఖానకు వచ్చింది. ఆయన మందు సీసాలు తిరిగి ఇవ్వడానికి. కడిగి, తుడిచి, ప్రతిదానిలోనూ నాలుగు జొన్నగింజలు వేసి తెచ్చింది. నేను ఏమీ అనకుండా తీసుకున్నాను. ఆయన కూర్చునే బల్ల మీదనే కూర్చుంది, అల్మారాకు ఎదురుగా.

"తమ్మీ, నీకొక్క ముచ్చట చెప్త. ఎవలికి చెప్పకు. మా తమ్మునికి గూడ చెప్పలే."

"చెప్పక్కా."

"ఆ గాజుబుడ్డి పట్నం పోయిన పొద్దు, వాడు బస్సుకాడికి పోయినప్పుడు నేనొక పని చేసిన. దాని తోకను అడకత్తెరతోటి కొంచెం కత్తిరించిన. కత్తిరియ్యంగనే అది స్స్ మని ఊపిరి గుంజుకున్నది తమ్మీ. నా చెవులార విన్న. ఎన్ని దినాలసంది ఊపిరి పట్టుకొని ఉన్నదో, పాపం. మంది ఇంటికి పొయ్యేది, మా తమ్ముని పని మీద పొయ్యేది, దాన్ని ఉత్తగ ఎట్ల పంపుదు? దేవుని దగ్గరి అక్షింతలు ఏసి మైనం పెట్టిన. మూతి బాగ సన్నగుండె. మూడే గింజలు పట్టినయి."

నేను ఒక సీసా తీసుకుని గింజలు రాల్చడం మొదలుపెట్టాను.

"గందుకే కబురు రాలేదేమో తమ్మీ. తక్కువైనయి. ఇంకింత కత్తిరించి పిడికెడు పోస్తే వాని పని అయ్యేదేమో. వాడు అదే మనాదితోటి పోయిండు. నేను పిసినితనం చేసిన." ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. "నాదే తప్పు. మూడంటే మూడే గింజలు పెట్టిన వానికి."

"అక్కా, నువ్వు తక్కువ చెయ్యలే" అన్నాను. "నీ వల్ల ఏం కాలే. ఒట్టు."

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు నేను ఎరిగిందే. అదే ఇంట్లో, అదే తమ్ముడితో ఇన్నేళ్లు బతికిన మనిషి కదా.

"నువ్వొక్కనివే అంటున్నవ్ తమ్మీ" అంది. "ఇంకెవలన్న గట్ల చెప్పేటోళ్లున్నరా?"

నా వెనక అల్మారాలో ఆ పెట్టె ఉంది.

"లేరక్కా" అన్నాను.